హోదా పోయాక "నేనెవరిని" అన్న ప్రశ్నకు ఒక పనికొచ్చే జవాబు

మీరు రాసినదాన్ని కుదిస్తే ఇదీ: 18 ఏళ్ళుగా ఒకే రంగం. మొన్న సంస్థలో జరిగిన మార్పుల్లో జీతం తగ్గించకుండానే హోదా తీసేశారు. అప్పటి నుంచి నలుగురిలోకి వెళ్ళాలంటే మొహం చెల్లడం లేదు, ఆదివారం సాయంత్రాలు గడవడం లేదు. ఉద్యోగం మానేసి "నాకు నిజంగా ఇష్టమైనదేదో" వెతుక్కోవాలా అని అడిగారు.

మానకండి. ఆరు నెలల దాకా ఆ నిర్ణయం జోలికే పోకండి. మీ బరువంతా ఒకే స్తంభం మీద ఉంది. అది కదిలినప్పుడు చేయాల్సింది పక్కన ఇంకో రెండు నిలబెట్టడం, ఉన్నదాన్ని పీకేయడం కాదు. ఇక వెతుక్కోవడం అన్న మాట కూడా దారి తప్పిస్తుంది. తానెవరో స్థిమితంగా తెలిసిన మనుషులు దాన్ని ఎక్కడో వెతికి తెచ్చుకున్నవాళ్ళు కారు. ఒక పనికి మళ్ళీ మళ్ళీ వెళ్తారు, అక్కడ వాళ్ళకోసం ఎదురుచూసే మనుషులుంటారు, మెల్లగా చేయి తిరుగుతుంది, "ఇది ఫలానావాళ్ళకి బాగా తెలుసు, వాళ్ళనడుగు" అని ఎవరో అంటారు. గుర్తింపు అలా పేరుకుంటుంది. మీ ఉద్యోగ గుర్తింపు కూడా అలాగే వచ్చింది: ఏడాదికి సుమారు 2,000 గంటల చొప్పున 18 ఏళ్ళకు 36,000 గంటలు. దాని పక్కన వారానికి నాలుగు గంటలతో మొదలయ్యేది మొదట్లో పిల్లలాటలా కనిపిస్తుంది. అలా కనిపించినందుకు వదిలేయకపోవడమే ఇందులో కష్టమైన భాగం.

మన భాషలో ఒక చిన్న తేడా ఉంది, గమనించండి. "నేను మేనేజర్ని" అంటాం, "మేనేజర్‌గా చేస్తున్నాను" అనీ అంటాం. మొదటిదాంట్లో ఆ "ని" మనిషినీ హోదానీ అతికించేస్తుంది, "నేను మనిషిని" అన్నంత ఖాయంగా. రెండోదాంట్లోని "గా" ఒంటిమీది చొక్కా లాంటిది, సాయంత్రానికి విప్పొచ్చు. ఏళ్ళ తరబడి మొదటి వాక్యమే వాడినవాళ్ళకు హోదా పోతే చొక్కా పోయినట్టుండదు, చర్మం లేచినట్టుంటుంది. మీకు కలుగుతున్న నొప్పి అతి కాదు, బలహీనతా కాదు.

ముందు ఒక కాగితం తీసుకోండి. 1954లో మాన్‌ఫ్రెడ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు వాడిన పరీక్ష ఇది, ఇప్పటికీ పనికొస్తుంది. పైన "నేనెవరిని?" అని రాసి, కింద 20 వరుసలు 12 నిమిషాల్లో నింపాలి. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఫోన్ బోర్లించండి. ఎవరికో చూపించడానికి కాదు, మీకు మీరు చెప్పుకుంటున్నట్టు రాయాలి. తోచిన వరుసలోనే రాయాలి, ఎందుకంటే ఏది ముందొచ్చిందన్నది కూడా సమాచారమే. ఏడెనిమిది దగ్గర చేయి ఆగడం మామూలే. ఆగినా కుర్చీలోంచి లేవకండి. చివరి వరుసల్లో వచ్చేవి చాలాసార్లు మనం ఏళ్ళుగా పైకి అనని మాటలు.

రాశాక రెండు రంగుల పెన్నులు కావాలి. ఎర్ర పెన్ను: ఈ రాత్రి సంస్థ నుంచి "రేపటి నుంచి రానక్కర్లేదు" అని మెయిల్ వస్తే ఏ వరుసలు చెరిగిపోతాయో వాటికింద గీత గీయండి. "నలుగురూ సలహా అడిగే మనిషిని", "ఒత్తిడిలో తొణకని మనిషిని" లాంటి వాటిని కూడా నిలదీయండి. ఆఫీసులో తప్ప ఇంకెక్కడా మీరు అలా లేకపోతే అవీ ఎరుపే. నీలం పెన్ను: మిగిలిన ప్రతి వరుస పక్కన, ఆ మనిషిగా మీరు చివరిసారి ఏదైనా చేసిన తేదీ వేయండి. "పుస్తకాలు చదివే మనిషిని" అని రాసుకుంటారు. చివరి పుస్తకం పూర్తిచేసింది ఎప్పుడు? పద్నాలుగు నెలల క్రితం. "మంచి స్నేహం నిలుపుకునే మనిషిని." ఆ స్నేహితులతో గంటసేపు కూర్చుని ఎన్నాళ్ళయింది? గడిచిన 30 రోజుల్లో తేదీ లేని వరుసను పాత్రగా లెక్కపెట్టకండి, అది జ్ఞాపకం.

ఎర్ర గీతలకన్నా ఈ తేదీలే చాలామందిని కదిలిస్తాయి. దారి కూడా అక్కడే ఉంది. పాత తేదీలున్న వరుసల్నే ముందు బతికించాలి. ఒకప్పుడు మీరు ఆ మనిషే కాబట్టి అక్కడ సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఇరవైలో ఎర్రవి పది దాటితే మీ విషయంలో స్తంభం ఒక్కటే ఉన్నట్టు లెక్క. ఈ కాగితం మీద తేదీ వేసి దాచండి, మళ్ళీ అవసరం.

ఉద్యోగం మనకేమిస్తోందో అది పోయేదాకా కనబడదు. ఆస్ట్రియాలో మారియెన్‌తాల్ అనే చిన్న ఊళ్ళో 1930 నాటికి బట్టల మిల్లు మూతపడి ఊరుకు ఊరే పని పోగొట్టుకుంది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జీసెల్ అనే సామాజిక పరిశోధకులు తమ బృందంతో అక్కడ పరిశీలించినదాన్ని 1933లో ప్రచురించారు. తీరిక దొరికితే జనం చదువుకుంటారు, ఎప్పట్నుంచో వాయిదా వేసినవి చేస్తారు అనుకుంటాం కదా. జరిగింది వేరు. ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ళ నడక నెమ్మదించింది, పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే చెప్పలేకపోయారు. ఇంటిపని మీదున్న ఆడవాళ్ళు వాళ్ళకన్నా వేగంగా నడిచేవాళ్ళు. జీతం కాకుండా ఉద్యోగం చాటుగా ఇచ్చేవాటిని యహోడా తర్వాతి కాలంలో ఐదుగా తేల్చింది: రోజుకొక చట్రం, ఇంటివాళ్ళు కాని మనుషులతో రాకపోకలు, ఒక్కరి వల్ల కాని ఉమ్మడి లక్ష్యం, నలుగురిలో ఒక స్థానం, చేతినిండా పని.

ఇప్పుడు మీ సంగతి చూడండి. హోదా పోవడంతో మీకు పోయింది ఈ ఐదింటిలో ఒక్కటే, నాలుగోది. వేళకు లేవడం, మనుషులు, లక్ష్యం, పని అన్నీ అలాగే ఉన్నాయి. అయినా అన్నీ పోయినట్టుంది, ఎందుకంటే ఐదూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నాయి. కాబట్టి "నా అభిరుచి ఏమిటి" అన్న పెద్ద ప్రశ్నను పక్కనపెట్టండి. అది మనిషిని నెలలపాటు కూర్చోబెడుతుంది. దానికి బదులు ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఉద్యోగం కాకుండా ఇంకెక్కడి నుంచి అందుతోందో రాయండి. ఏ గడి ఖాళీగా ఉందో ముందు దాన్ని నింపే పని చూడాలి. చాలామందికి ఖాళీగా కనిపించేవి రెండోదీ మూడోదీ.

తీరిక ఎక్కడుంది అంటారు. లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. నిద్రకు 56, ఆఫీసుకు 45, రాకపోకలకు 8, స్నానం, తిండి, ఇంటిపనులకు 30 తీసేస్తే 29 మిగులుతాయి. ఇంట్లో పసిపిల్లలో, మంచంపట్టిన పెద్దవాళ్ళో ఉంటే ఈ 29 కాస్తా 8కి దిగొచ్చు. కావలసింది 4. నమ్మకం కలగకపోతే ఏడు రోజులు అరగంట గళ్ళ కాగితం నింపండి. రోజంతా గుర్తుపెట్టుకుని రాత్రి నింపితే సగం తప్పులొస్తాయి, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు మూడుసార్లు నింపండి. ఒక పని అదనంగా చేయాలి: ఇంట్లో ఉండి ఆఫీసు గురించి ఆలోచించిన ప్రతి అరగంట గడిలో చిన్న చుక్క పెట్టండి. స్నానం చేస్తూ, పిల్లల హోంవర్కు చూస్తూ, నిద్రపట్టక పొర్లుతూ. వారం చివర ఆ చుక్కలు లెక్కపెడితే ఉద్యోగం మీ దగ్గర అసలు తీసుకుంటున్నదెంతో తెలుస్తుంది.

ఇక ఏది ఎంచుకోవాలి. ఏ పనైనా ఫర్వాలేదుగానీ అది నాలుగు షరతులకు నిలబడాలి. వారంలో దానికి ఒక రోజూ వేళా ఉండాలి, "వీలున్నప్పుడు" అన్నది పనికిరాదు. మీరు రాకపోతే కనిపెట్టే మనిషి ఒకరైనా ఉండాలి. మూడు నెలల్లో తేడా మీ కంటికే తెలియాలి. అక్కడ మీ ఆఫీసు హోదా ఎవరికీ అక్కరకు రాకూడదు. నాలుగో షరతును జనం తేలిగ్గా తీసుకుంటారు, నేను మాత్రం దాన్నే గట్టిగా పట్టుకుంటాను. ఒక సేవాసంస్థలో చేరి వెంటనే దాని లెక్కలూ ప్రణాళికలూ చూసే బాధ్యత నెత్తినేసుకుంటే, మీరు ఉద్యోగాన్నే జీతం లేకుండా ఇంకోచోట చేస్తున్నట్టు. అదే సంస్థలో కూరగాయలు తరిగే చోట కూర్చోండి.

దగ్గరగా ఒక ఉదాహరణ చూద్దాం. సైకిల్ చక్రం వంకర తీయడం నేర్చుకుంటున్నారనుకోండి. చక్రం తిప్పి, బ్రేకు రబ్బరుకు రిమ్ము ఎక్కడ రాసుకుంటోందో చూస్తారు. రిమ్ము ఎడమకు ఒరిగితే, అక్కడి కుడివైపు స్పోకుల్ని బిగించాలి. స్పోకు చివరి నట్టును పావు చుట్టు మాత్రమే తిప్పాలి. మళ్ళీ చక్రం తిప్పి చూడాలి. ఆత్రపడి ఒకేసారి రెండు చుట్లు తిప్పితే వంకర అవతలివైపుకు పోతుంది, రిమ్ము ఎగుడుదిగుడవుతుంది. ఓపిగ్గా గంట కూర్చుంటే రాపిడి శబ్దం ఆగిపోతుంది, చక్రం నిశ్శబ్దంగా తిరుగుతుంది. ఆ నిశ్శబ్దానికి ఎవరి ఆమోదం అక్కర్లేదు, ఏడాది చివర సమీక్ష అక్కర్లేదు. మన ఉద్యోగాల్లో చాలావాటికి చేసిన పని ఫలితం ఎవరో ఒకరి అభిప్రాయంగా తిరిగొస్తుంది. అందుకే ఫలితం వస్తువుగా కనిపించే పని ఒకటి ఉండటం అంత ఊరట. వడ్రంగం, కుట్టు, మొక్కలు, వాయిద్యం, ఈత అన్నీ ఈ కోవలోవే.

ఎన్ని పనులు? రెండు. ఒకటి చేతితోనో ఒంటితోనో చేసేది, రెండు గంటలు. ఇంకొకటి మనుషుల మధ్య జరిగేది, రెండు గంటలు. అంతకు మించి మొదలుపెట్టకండి. పాట్రీషియా లిన్‌విల్ అనే మనస్తత్వవేత్త 1985, 1987లో ప్రచురించిన అధ్యయనాల్లో, తమను తాము అనేక వేర్వేరు పాత్రల్లో చూసుకునేవాళ్ళకు ఒకచోట తగిలిన దెబ్బ మిగతాచోట్లకు అంతగా పాకదని చెప్పింది. దీన్ని పట్టుకుని "ఎన్ని పాత్రలుంటే అంత మంచిది" అని రాసేస్తుంటారు. తర్వాతి అధ్యయనాలన్నీ దాన్ని అంత సూటిగా బలపరచలేదు, ఫలితాలు కలగాపులగంగా వచ్చాయి. ఒకదానితో ఒకటి గొడవపడే ఏడు పాత్రలు మనిషిని చీల్చేస్తాయి. ఒకదానిలోని ఓటమి రెండోదాన్ని తాకనంత విడిగా, రెండూ నిలకడగా ఉంటే చాలు.

మనుషుల విషయంలో ఒక అంకె గుర్తుంచుకోండి. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడి లెక్కలో, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు పడుతుంది, నిజంగా స్నేహితులనిపించడానికి 90 దాకా, ప్రాణస్నేహానికి 200 పైన. వారానికి రెండు గంటల చొప్పున 50 గంటలకు 25 వారాలు. అంటే ఆరో వారంలో "ఇక్కడ నాకెవరూ దగ్గర కాలేదు" అనిపించడం లెక్క ప్రకారమే, మీ లోపం కాదు. అందుకే నెలనెలా కొత్త బృందానికి మారేవాళ్ళకు ఎక్కడా వేరుపడదు.

మొదటి ఆరు వారాల గురించి చెప్పాలి, ఎక్కువమంది రాలిపోయేది అక్కడే. ఆఫీసులో 18 ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఒక కొత్త చోట అందరికన్నా వెనక కూర్చోవడం అవమానంలా ఉంటుంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు "అలా కాదండీ, ఇలా పట్టుకోండి" అంటాడు. చెవులు వేడెక్కుతాయి. రెండో వారంలో "దీనికన్నా ఆఫీసు పని చూసుకోవడం నయం" అనిపిస్తుంది, ఆఫీసులో మీకు పని బాగా వచ్చు కాబట్టి. ఆ లాగుడు గుర్తుపట్టండి. అది బద్ధకం కాదు, నేర్పు ఉన్న చోటికి పారిపోవాలన్న కోరిక. అప్పుడు చేయాల్సింది రెండే: గంటలు పెంచకుండా తగ్గించకుండా రెండు దగ్గరే ఉంచడం, ప్రతిసారీ ఇంటికొచ్చి ఒక్క వాక్యం రాయడం. "ఈరోజు తాళం రెండుసార్లు తప్పింది, పోయినవారం ఐదుసార్లు." పన్నెండు వారాల తర్వాత ఆ పన్నెండు వాక్యాలు చదివితే తప్ప ఎదుగుదల కంటికి ఆనదు.

అలవాటు పడటానికి 21 రోజులు చాలన్న మాట వినే ఉంటారు. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అంచనాల్లో అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది, మధ్యస్థం 66 రోజులు. అవి కూడా రోజూ చేసే చిన్నచిన్న పనులు. వారానికోసారి చేసేది ఇంకా నెమ్మదిగా కుదురుకుంటుందనుకోవాలి. ఊరటనిచ్చే సంగతి కూడా అందులోనే ఉంది: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. ఒకవారం ఎగ్గొట్టినందుకు మొత్తం వదిలేయకండి. వరుసగా రెండు వారాలు ఎగ్గొట్టకూడదన్నదే నియమం.

చెడగొట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఇవి పదేపదే కనిపిస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇష్టమైన పనిని వెంటనే సంపాదన చేయాలనుకోవడం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. బొమ్మలేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, తర్వాత బహుమతి ప్రసక్తి లేనప్పుడు మిగతా పిల్లలకన్నా తక్కువసేపు బొమ్మలేశారు. పెద్దవాళ్ళ విషయంలోనూ మొదటి ఆర్డరు రాగానే గడువులు, కొలతలు, ఎదుటివారి మెప్పు వచ్చేస్తాయి. ఏడాది దాకా దాని మీద ఒక్క పైసా తీసుకోకండి. డబ్బు అవసరముంటే అది వేరే పని, దానికి వేరే గంటలు కేటాయించండి.

రెండోది ముందుగా చాటింపు వేయడం. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త బృందం 2009లో చూపినదేమంటే, ఫలానా మనిషిని కావాలనుకుంటున్నానని ఒకరు చెప్పి, ఎదుటివాళ్ళు దాన్ని గుర్తించాక, ఆ దిశగా పడే శ్రమ తగ్గుతుంది. మెచ్చుకోలుతోనే ఆకలి తీరిపోతుందన్నమాట. కాబట్టి పన్నెండు వారాలూ సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు పెట్టకండి. కొనుగోళ్ళ సంగతీ ఇంతే. ఇల్లు అలకగానే పండగ కాదు. ఎనిమిది సార్లు వెళ్ళేదాకా అరువు సామానుతో కానివ్వండి.

ఒక స్తంభం తీసి ఇంకో ఒక్క స్తంభం పెట్టుకోవడం కూడా ప్రమాదమే. ఉద్యోగం స్థానంలో మారథాన్, లేదా పిల్లల ర్యాంకు, లేదా ఒక ఉద్యమం. పరుగే ప్రాణమనుకున్న మనిషికి మోకాలు దెబ్బతింటే మళ్ళీ మొదటికే వస్తారు. బ్రూవర్, వాన్ రాల్ట్, లిండర్ అనే పరిశోధకులు 1993లో క్రీడాకారుల కోసం ఒక కొలమానం తయారుచేశారు, "నేను ఆటగాణ్ణి" అన్న ఒక్క గుర్తింపు మనిషిని ఎంతగా ఆక్రమించిందో కొలవడానికి. ఆ గుర్తింపు శిక్షణకు బలమే. గాయమైనప్పుడు, ఆట మానాల్సి వచ్చినప్పుడు అదే బరువవుతుంది. పిల్లల్ని స్తంభంగా చేసుకోవడం గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను: మీ విలువ మోయడం పిల్లల పని కాదు.

"ఏం చేస్తుంటారు?" అన్న ప్రశ్నకు జవాబు కూడా సాధన చేయాలి, నోటికి రావాలి. హోదా పేరు కాకుండా చేసే పనిని క్రియగా చెప్పండి. "సరుకు గోదాములకు వేళకు చేరేలా చూస్తుంటాను. శనివారాలు పాత సైకిళ్ళు బాగుచేయడం నేర్చుకుంటున్నాను. మీరు?" రెండు వాక్యాలు, ఒక ఎదురు ప్రశ్న. మొదటి వాక్యం అబద్ధం కాదు, దాపరికం కాదు. రెండో వాక్యం మాట సాగడానికి దారిస్తుంది, హోదా చెబితే ఆగిపోయే చోట. ఇంట్లో గట్టిగా పదిసార్లు అనుకోండి, లేకపోతే నలుగురిలో పాత వాక్యమే నోటికొస్తుంది. సంతకం కింద హోదా వచ్చేలా పెట్టుకున్న సొంత మెయిల్, హోదాతో ఉన్న ఫోన్ ప్రొఫైల్ ఈవారమే మార్చండి. ఆఫీసు మెయిల్‌లో ఉండనివ్వండి, అక్కడ అది అవసరం.

పని రోజు ముగింపుకు ఒక పద్ధతి ఉండాలి. జబీనె జోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే మనస్తత్వవేత్తలు 2007లో పని అలసట నుంచి కోలుకోవడానికి తోడ్పడేవాటిని నాలుగుగా చెప్పారు: మనసు పని నుంచి విడివడటం, విశ్రాంతి, వేరే దేనిలోనైనా నేర్పు సాధించడం, తీరిక సమయం తన చేతిలో ఉండటం. మనం రెండోది ఒక్కదాన్నే విశ్రాంతి అనుకుని సోఫాలో ఫోన్ పట్టుకుంటాం, మొదటిది జరగకుండానే. పది నిమిషాలు చాలు. బయల్దేరేముందు రేపు మొదట చేయాల్సిన మూడు పనులు కాగితం మీద రాయండి, మధ్యలో ఆగినదాని పక్కన తర్వాతి అడుగేమిటో ఒక్క మాట రాయండి, కాగితం అక్కడే వదిలేయండి. సగంలో ఉన్న పనులే మనసులో తిరుగుతుంటాయి కాబట్టి ఈ కాగితానికి అంత బలం. సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ శబ్దం ఆపేయండి. ఆపడం కుదరని ఉద్యోగమైతే రాత్రి చూసే వేళ ఒకటి నిర్ణయించి, ఆ పదిహేను నిమిషాలే చూడండి. గళ్ళ కాగితంలో చుక్కలు తగ్గుతున్నాయా లేదా అన్నదే దీనికి కొలత.

ఇదంతా చదివి, పని మీద ప్రేమ ఉండటం తప్పా అని అడగొచ్చు. కాదు. పనినీ హోదానూ విడదీయమంటున్నాను. పాఠం చెప్పడం ఒకటి, విభాగాధిపతిగా ఉండటం ఒకటి. పరీక్ష ఇదీ: హోదా పేరు తీసేసి, గది చిన్నది చేసి, అదే పని మీ ముందు పెడితే చేస్తారా? చేస్తాననిపిస్తే ఆ ఇరవై వరుసల కాగితంలో ఆ పని క్రియ రూపంలో ఉండాలి, "పిల్లలకు లెక్కలు అర్థమయ్యేలా చెప్పగలను" అన్నట్టు. అది మీదే, ఏ సంస్థా తీసేసుకోలేదు. చేయననిపిస్తే మీరు ప్రేమించింది స్థానాన్ని. అందులోనూ నేరమేమీ లేదు, కాకపోతే నలుగురిలో స్థానం ఇంకెక్కడ దొరుకుతుందో చూసుకోవాలి.

పూర్తిగా ఉద్యోగం పోయినవాళ్ళకు వరుస మారుతుంది. వాళ్ళకు ముందు కావలసింది రోజుకొక చట్రం. పాత వేళకే లేవడం, ఉద్యోగ వేటను పొద్దుటి నాలుగు గంటలకు పరిమితం చేయడం, మధ్యాహ్నం ఇంటి బయట ఒక పని తప్పనిసరిగా పెట్టుకోవడం. రోజంతా దరఖాస్తులు పెడితే దరఖాస్తులు మెరుగుపడవు, తిరస్కారాలు మాత్రం రోజంతా తగులుతాయి. పదవీ విరమణ దగ్గర పడినవాళ్ళు రెండేళ్ళ ముందే ఆ రెండు గంటల పని మొదలుపెట్టాలి, చివరి రోజుకు అక్కడ వాళ్ళ కుర్చీ ఖాయమై ఉండేలా.

ఒక హెచ్చరిక. నిద్ర, ఆకలి చెడటం, ఇదివరకు నచ్చినవేవీ నచ్చకపోవడం, తాను దేనికీ కొరగాననిపించడం రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉంటే ఇది గుర్తింపు సమస్య అనుకుని కాగితాలు నింపుతూ కూర్చోకండి, మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలనిపించకపోతే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆరోజే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి. అలాగే పని ఒత్తిడి వల్ల నీరసం, పని మీద విరక్తి, ఏం చేసినా ఫలితం లేదనిపించడం, ఈ మూడూ కలిసి వస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో చెప్పే బర్నౌట్ అదే. దానికి కొత్త అభిరుచి మందు కాదు. పనిభారం తగ్గాలి.

పన్నెండో వారం చివర, తర్వాత ఆరో నెలలో, పాత కాగితం చూడకుండా ఇరవై వరుసలు మళ్ళీ రాయండి. ఎర్ర గీతలు ఎన్ని తగ్గాయన్నది ఒకటి. 30 రోజుల్లోపు తేదీ ఉన్న వరుసలు ఎన్ని పెరిగాయన్నది అంతకన్నా ముఖ్యం. కాగితం బయట కూడా ఒక గుర్తు ఉంటుంది: ఆఫీసులో చెడ్డరోజు గడిచినప్పుడు దాని చేదు రాత్రి భోజనం దాకా ఉంటోందా, మర్నాడు పొద్దున దాకానా అని చూసుకోండి.

ఉద్యోగం మానాలా అన్న మీ ప్రశ్నను ఆరో నెల కాగితం పూర్తయ్యాక తీయండి. అప్పటికీ మానాలనే ఉంటే అది ఎక్కువగా ఆ ఉద్యోగం గురించిన నిర్ణయమై ఉంటుంది: పని నచ్చుతోందా, పైవాళ్ళు ఎలాంటివాళ్ళు, ఎన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంది, తర్వాతి చోటు ఖాయమైందా. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి తీసుకురండి, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.